క్యాసెట్‌లో పేరు తెలియని మూడు పాత హిందీ పాటలు, ఎలా పట్టుకోవాలి?

పాతపెట్టె
90 నిమిషాల క్యాసెట్ ఒకటి. సిలోన్ రేడియో నుంచి ఎక్కించింది. అట్ట మీద "పాత హిందీ" అని తప్ప ఇంకో ముక్క లేదు. 17 పాటల్లో 14 తెలిసిపోయాయి. మిగిలిన మూడూ దొరకడం లేదు.
1) ఆడగొంతు. "రూఠ్ ఫిరే పర్ దిన్ హమారే, ఫిరే నా ఫిరే నా"
2) మగగొంతు, నిదానం, పాత గాయకుడు సైగల్ లాగే ఉంది. "ప్రీతమ్ ఆన్ మిలో"
3) పాట చివరి 40 సెకన్లే ఉంది. ఆడగొంతు, "డోలే నైనా" అని మళ్ళీ మళ్ళీ వస్తుంది.
పాట వినిపిస్తే పేరు చెప్పే ఫోన్ యాప్‌లు రెండు వాడాను. మూడింటికీ చేతులెత్తేశాయి. మొదటి లైను కొట్టి వెతికినా సున్నా. ఇక ఎక్కడ వెతకాలి?

మిడ్‌వేవ్
రెండోది సైగలే. కళ్ళు మూసుకుని చెప్తా.

ముఖ్డా_మూర్తి
@మిడ్‌వేవ్ కళ్ళు తెరిచి చెప్పండి, అది సి.హెచ్. ఆత్మా. 1945 రికార్డు, బాణీ ఓ.పి. నయ్యర్‌ది. అప్పట్లో సైగల్ నీడ పడని మగగొంతు అరుదు. అదే ఏడాది "పహలీ నజర్"లో ముకేష్ పాడిన "దిల్ జల్తా హై" వినండి, దాన్నీ సైగల్ అనే అనుకుంటారు కొత్తవాళ్ళు.
పాతపెట్టె గారూ, ఇది మీకు దొరక్కపోవడానికి కారణం వేరే ఉంది. ఇది సినిమా పాట కాదు. విడి గీతం. మీరు సినిమా పాటల జాబితాల్లో వెతికి ఉంటారు, అక్కడ ఆత్మా పేరుతో కనపడదు.

పాతపెట్టె
నిజమే, సైగల్ సినిమాలన్నీ వరసగా చూశాను. విడి పాట అయ్యుంటుందని తట్టనేలేదు.

ఆమని
కానీ ఆ పాట సినిమాలో ఉంది కదా? "మిస్టర్ అండ్ మిసెస్ 55"లో గీతాదత్ గొంతులో విన్న గుర్తు.

ముఖ్డా_మూర్తి
ఉంది. 1955 సినిమా, అప్పటికి నయ్యర్ సంగీత దర్శకుడయ్యాడు, తన పాత బాణీనే చిన్న ముక్కగా మళ్ళీ వాడుకున్నాడు. చాలా ఏళ్ళకి "అంగూర్" (1982)లో కూడా వచ్చింది. ఒకే ముఖ్డాకి (పల్లవికి) రెండు మూడు చిరునామాలు ఉంటాయని చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ లేదు. మగగొంతుతో పాత రికార్డు అయితే 1945 విడి గీతం, ఆడగొంతు అయితే 1955.
విడి పాటలతో తికమక ఇంకా బోలెడు. తలత్ మహమూద్ పాడిన "తస్వీర్ తేరీ దిల్ మేరా బహలా న సకేగీ" (1944) కూడా సినిమాది కాదు. పంకజ్ మల్లిక్, జగ్‌మోహన్ పాటలు తగిలితే ముందు విడి పాటేమో అని చూసి, తర్వాతే సినిమాల వైపు వెళ్ళండి.

దక్కనీ_భాయ్
ఒకటో నంబరుకి వస్తున్నా. అయ్యా, అది "రూఠ్" కాదు, "రుత్". రూఠ్ అంటే అలగడం. రుత్ అంటే ఋతువు. ఋతువులు తిరిగొస్తున్నాయి గానీ మా రోజులే తిరగడం లేదు అంటోంది ఆమె. అలిగి తిరగడం కాదు. 😄 మీరు వెతుకుతున్న పెట్టెలో కూడా "రూఠ్" అనే కొట్టి ఉంటారు.

పాతపెట్టె
అవును భాయ్. పది రకాలుగా కొట్టాను, అన్నీ రూఠ్‌తోనే.

గీతాదత్_ఫ్యాన్
"రుత్ ఫిరే పర్ దిన్ హమారే": గీతాదత్, ఎస్.డి. బర్మన్, సాహిర్. సినిమా "ప్యాసా", 1957.

మిడ్‌వేవ్
ప్యాసా? కుదరదు. ఆ సినిమా నాకు కంఠోపాఠం. ఈ పాట లేదు అందులో.

గీతాదత్_ఫ్యాన్
మీరన్నది నిజం, నేనన్నదీ నిజం. సినిమాలో లేదు, రికార్డులో ఉంది. ప్రింటు నుంచి తీసేశారు. డిస్కు మీద సినిమా పేరు ఉంది కాబట్టి రేడియోవాళ్ళు "ఫిల్మ్ ప్యాసా" అనే ప్రకటిస్తారు.

మిడ్‌వేవ్
సరే, ఒప్పుకున్నాను. ఇవాళ నాకు రెండు వికెట్లు.

ముఖ్డా_మూర్తి
"సినిమా చూశాను, అందులో లేదు, కాబట్టి ఆ సినిమాది కాదు" అన్న లెక్క పాత పాటల్లో పనికిరాదు. కారణాలు కొన్ని:
రికార్డు కంపెనీ సినిమా విడుదలకి ముందే డిస్కులు వదిలేది. తర్వాత నిడివి ఎక్కువైందనో ఇంకోటనో సినిమా కోతకి గురయ్యేది, పాట ఎగిరిపోయేది. పదేళ్ళ తర్వాత మళ్ళీ విడుదల చేసినప్పుడు ఇంకో కోత. వీడియోకి ఎక్కించినవాళ్ళకి దొరికింది ఆ కోతల ప్రింటే. "పాకీజా" (1972)కి గులాం మహమ్మద్ చేసి వాడకుండా మిగిలిన పాటలతో తర్వాత "రంగ్ బరంగ్" అని ఏకంగా విడి రికార్డే వచ్చింది.
రెండో వైపు చూస్తే, సినిమాలో ఉండి డిస్కు లేని పాటలూ ఉన్నాయి. మొదటి టాకీ "ఆలం ఆరా" (1931)లో ఏడు పాటలు, ఒక్కదానికీ రికార్డు రాలేదు, సినిమా ప్రింటూ మిగల్లేదు. వాటి గురించి మనకి కాగితం మీద తెలిసిందే.

ఆమని
కాగితం అంటే గుర్తొచ్చింది, పాటల పుస్తకాలు ఎవరూ చెప్పలేదేంటి? హాల్లో అణాలకి అమ్మిన ఆ సన్న పుస్తకాల్లో పాట సాహిత్యం మొత్తం ఉంటుంది. హిందీ సినిమాలవాటిలో తరచు నాగరిలోనూ ఉర్దూలోనూ పక్కపక్కన వేసేవాళ్ళు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పాత పత్రికల కట్టల మధ్య ఇవి ఇప్పటికీ తగులుతాయి.

ముఖ్డా_మూర్తి
మంచి మాట. ఒక్క జాగ్రత్త. పాటల పుస్తకం కూడా విడుదలకి ముందే అచ్చయ్యేది. అందులో ఉన్నంత మాత్రాన సినిమాలో ఉందని కాదు, రికార్డయిందనీ కాదు. గాయకుల పేర్లు చాలావాటిలో అసలు ఉండవు, పాత్రల పేర్లుంటాయి.

టెక్సాస్_తాత
పాత్రల పేర్లంటే, "మహల్" (1949) మొదటి డిస్కుల మీద "ఆయేగా ఆనేవాలా" పాడింది "కామిని" అని ఉండేది. అది సినిమాలో మధుబాల పాత్ర పేరు. లేబుల్ మీద లతా లేదు! కాబట్టి లేబుల్ చూసి "కామిని అనే గాయని" అని రాసుకున్నవాళ్ళని నవ్వకండి.

పాతపెట్టె
మరి అన్నిటికన్నా నమ్మదగింది ఏది?

ముఖ్డా_మూర్తి
హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' తయారుచేసిన "హిందీ ఫిల్మ్ గీత్ కోశ్". దశాబ్దానికో సంపుటం: 1931–40, 41–50, 51–60, 61–70, 71–80. ప్రతి సినిమా కిందా పాటల మొదటి లైన్లు, గాయకులు, కవి, సంగీతం, డిస్కు నంబరు. గాయకుడు తేలనిచోట ఊహించి రాయరు, నాకు దాని మీద గౌరవం అందుకే.
నేను చేసే వరస ఇది. ముఖ్డాని ఆన్‌లైన్ జాబితాల్లో పట్టుకుంటా. సినిమా పేరు దొరికాక కోశంలో ఆ ఏడాది తెరిచి సరిచూస్తా. పేరు ఒకటే అయిన సినిమాలు ఉంటాయి కాబట్టి ఏడాది లేకుండా సినిమా పేరు రాసుకోను. మహల్ అంటే 1949లో ఒకటి, 1969లో ఒకటి. దేవదాస్ 1935, 1955.
ఆన్‌లైన్ వీడియో కింద రాసిన వివరాల్ని మాత్రం పట్టుకుని వేలాడొద్దు. ఒకడు తప్పు రాస్తే నలభై మంది అదే ఎత్తి రాస్తారు.

దక్కనీ_భాయ్
వెతికేటప్పుడు తెలుగు చెవి చేసే మోసాలు చెప్తా, రాసుకోండి. మనకి త, ఠ తేడా పాటలో పట్టదు (రుత్/రూఠ్ అలా అయిందే). జ఼ని జ అంటాం, ఖ఼ని ఖ అంటాం, ఫ఼ కూడా ఫ అయిపోతుంది. అందుకే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు "ఫిరే"కి రెండు స్పెల్లింగులు, "జిందగీ"కి రెండు స్పెల్లింగులు వేసి చూడాలి. ఇంకా మంచిది నాగరి లిపిలో కొట్టడం. పదం చివర మనం తగిలించే అచ్చు తీసేయండి. "దిను" కాదు, "దిన్".
పాట షేర్‌తో (తాళం లేకుండా పాడే రెండు పాదాలతో) మొదలైతే ఆ షేర్‌తో వెతకొద్దు. తాళం మొదలయ్యాక వచ్చే లైనుతో వెతకాలి. "ఓ", "హో", "అజీ", "అరే" లాంటివి ఒకసారి పెట్టి, ఒకసారి తీసి చూడాలి. జాబితా రాసినవాడు ఏది వదిలేశాడో మనకి తెలియదు కదా.

సూది_సుబ్బారావు
అంతా బాగుంది గానీ యాప్‌లు ఎందుకు చేతులెత్తేశాయో ఎవరూ చెప్పలేదు. క్యాసెట్ స్పీడు. పాట 3–4 శాతం వేగంగానో నిదానంగానో తిరిగితే ఆ యాప్‌లకి పాట గుర్తు తగలదు. పాతపెట్టె గారూ, ఏ డెక్కు మీద ఎక్కించారు? హెడ్డు (టేపుని చదివే ముక్క) సరిచేశారా?

పాతపెట్టె
ఒక షాపులో ఇచ్చాను. ఎంపీ3 చేసి ఇచ్చారు. దుప్పటి కప్పి పాడినట్టుంది.

సూది_సుబ్బారావు
అనుకున్నా. నాయిస్ తీసేసే ఫిల్టరు పూర్తిగా తిప్పేసి ఉంటారు. గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుందా? తబలా అంచు మీద పడే దెబ్బ వినపడటం లేదా? అయితే అదే. క్యాసెట్ వెనక్కి తెచ్చుకుని మీరే మళ్ళీ ఎక్కించండి.
ముందు క్యాసెట్ లోపల హెడ్డుకి ఎదురుగా ఉండే చిన్న స్పాంజి మెత్త ఊడిందేమో చూడండి. ఊడితే పైశ్రుతి శబ్దాలు పోయి శబ్దం ఊగుతుంది. అయిదు స్క్రూల క్యాసెట్ అయితే విప్పి, మెత్త బాగున్న ఖాళీ క్యాసెట్ పెంకులోకి టేపు చుట్టలు మార్చేయొచ్చు. అతికించిన పెంకు అయితే అంచున జాగ్రత్తగా పగలగొట్టాలి.
తర్వాత హెడ్డు వాలు. ప్లే హెడ్డుకి ఒక పక్కన స్ప్రింగు మీద చిన్న స్క్రూ ఉంటుంది. టేపు నడుస్తుండగా, రెండు ఛానళ్ళూ కలిపి మోనోలో వింటూ, అయస్కాంతం పట్టని చిన్న స్క్రూడ్రైవరుతో అటు పావు తిప్పు, ఇటు పావు తిప్పు. "స", "శ" ఎక్కడ బాగా పదునుగా వినపడితే అక్కడ ఆపాలి. రికార్డు చేసిన టేప్‌రికార్డరు వాలుకి మీ డెక్కు వాలు కుదిరినట్టు. ముందు స్క్రూ ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే మీ మిగతా క్యాసెట్లన్నీ దుప్పటి కప్పుకుంటాయి.

పాతపెట్టె
స్పీడు ఎలా తెలుస్తుంది? శ్రుతిపెట్టెతో చూడాలా?

సూది_సుబ్బారావు
అసలు పాట ఏ శ్రుతిలో ఉందో తెలియకుండా శ్రుతిపెట్టె ఏం చేస్తుంది? టేపులో కరెంటు గుంయ్ శబ్దం ఉంటుంది, దాన్ని పట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. రికార్డు చేసినప్పుడు ఎక్కిన గుంయ్ ఇప్పుడు 51.5 దగ్గర కనపడితే టేపు 3 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. 50ని 51.5తో భాగిస్తే 0.971, అంటే వేగం 2.9 శాతం తగ్గించాలి.
ఆడాసిటీలో (కంప్యూటర్లో శబ్దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) పాటల మధ్య ఖాళీగా ఉన్న పది సెకన్లు తీసుకుని, ఆ ముక్క శాంపిల్ రేటు 2000కి దించి, స్పెక్ట్రమ్ గీయించండి, సైజు 16384. దించకపోతే 50కి 51కి తేడా కనపడదు.

టెక్సాస్_తాత
ఒక అభ్యంతరం. ఆ రోజుల్లో మన కరెంటు నిఖార్సయిన 50 ఎక్కడిది? ఎండాకాలం సాయంత్రం 48.5కి కూడా పడేది. మీ లెక్కే 3 శాతం తప్పొచ్చు. పైగా ఇప్పుడు ప్లే చేసే డెక్కు గుంయ్ కూడా 50 దగ్గరే వచ్చి కూర్చుంటుంది, ఏది ఏదో తెలియదు.

సూది_సుబ్బారావు
రెండోదానికి జవాబు ఉంది. క్యాసెట్ ఆపేసి అదే డెక్కు నుంచి పది సెకన్లు ఎక్కించండి. అందులోనూ కనపడే శిఖరం డెక్కుది, టేపు నడిచినప్పుడు మాత్రమే వచ్చేది టేపుది. మొదటిదానికి ఒప్పుకుంటా, అది దగ్గరి లెక్కే. అందుకే దాని తర్వాత, తెలిసిన 14 పాటల్లో ఏదో ఒకదాన్ని మంచి ప్రతితో పక్కన పెట్టి సరిచూడాలి. అదే క్యాసెట్, అదే వైపు అయితే చాలావరకు అదే తేడా మిగతా పాటలకీ వర్తిస్తుంది.

టెక్సాస్_తాత
ఆ "మంచి ప్రతి" సినిమా వీడియో కాకుండా చూసుకోండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ, వీసీడీ పద్ధతిలో 25. ఎక్కించేటప్పుడు చాలామంది 24ని అలాగే 25లో పరిగెత్తించారు. దాంతో 4.17 శాతం వేగం, ముప్పావు మెట్టుకి కాస్త తక్కువ శ్రుతి పెరుగుతుంది. 3 నిమిషాల 20 సెకన్ల పాట 3:12కి అయిపోతుంది. "సినిమాలో లతా ఇంకా పైశ్రుతిలో పాడింది, డిస్కుకి వేరే పాడింది" అని వాదించే వాళ్ళలో సగం మంది విన్నది ఈ తేడానే.

ఆమని
😂 ఒక గ్రూపులో ఇదే వాదన నాలుగు రోజులు నడిచింది.

గీతాదత్_ఫ్యాన్
అయితే నిజంగా వేరే పాడినవీ ఉన్నాయి సుమా. 10 అంగుళాల 78 డిస్కు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. సినిమాలో ఇంకో అంతరా (చరణం) ఉంటే డిస్కులో దాన్ని కోసేవాళ్ళు, లేదా రెండు వైపులకీ పంచేవాళ్ళు. అంతరాల సంఖ్య తేడా ఉంటే వేరే రికార్డింగు, శ్రుతి మాత్రమే తేడా ఉంటే స్పీడు గొడవ.

కొత్తగా_వచ్చా
మధ్యలో వస్తున్నా, నా దగ్గర 78 డిస్కులే ఉన్నాయి ఓ ముప్పై. మురికి పట్టాయి. స్పిరిట్‌తో తుడిచేస్తే

సూది_సుబ్బారావు
ఆగండి ఆగండి ఆగండి! లక్కతో చేసిన డిస్కు అది. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది, గాడి మొత్తం పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్, గాడి వెంబడే గుండ్రంగా. లేబుల్ తడవకూడదు. వెంటనే మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి ఆరబెట్టాలి. నీళ్ళలో నానబెట్టొద్దు.
ఎల్పీ సూదితో వాయించొద్దు. ఎల్పీ సూది మొన 0.7 నుంచి 1 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78 గాడికి 3 మిల్ కావాలి. సన్న సూది గాడి అడుగున దొర్లుతూ చెత్తంతా వినిపిస్తుంది. బరువు 3 నుంచి 5 గ్రాములు. మీ ప్లేయర్లో 78 లేకపోతే 45లో తిప్పి ఎక్కించి, ఆడాసిటీలో వేగం మార్చే చోట 45 నుంచి 78 ఎంచుకోండి.
స్టీరియోలోనే ఎక్కించండి. టప్ టప్ శబ్దాలు తీసేశాకే మోనో చేయాలి, ఎందుకంటే గాడి రెండు గోడల మీదా గీతలు ఒకేలా ఉండవు. ఒక గోడ శుభ్రంగా ఉంటే ఆ ఛానలొక్కటే ఉంచుకోండి. నాయిస్ తగ్గింపు 6 డెసిబెళ్ళు చాలు, 20 పెడితే పైన చెప్పిన షాపువాడిలా అవుతుంది.

కొత్తగా_వచ్చా
స్పిరిట్ సీసా మూత పెట్టేశా. దండాలు.

ఆమని
ఇంకో దారి కూడా ఉంది, మన తెలుగువాళ్ళకే దొరికే దారి. బాణీ. హిందీ మాటలు గుర్తులేకపోయినా తెలుగు పాట గుర్తొస్తే అటునుంచి రావచ్చు. అంజలీ పిక్చర్స్ "అనార్కలి" (1955)లో "జీవితమే సఫలము" వింటే చాలు, 1953 హిందీ అనార్కలిలో సి. రామచంద్ర చేసిన "యే జిందగీ ఉసీ కీ హై" దగ్గరికి తీసుకుపోతుంది.

మిడ్‌వేవ్
"హాయి హాయిగా ఆమని సాగే"కి మూలం కూడా ఏదో హిందీ పాటే కదా? కుహూ కుహూ...

ఆమని
మూడో వికెట్. 😄 ఆదినారాయణరావు తెలుగు "సువర్ణసుందరి" 1957లో చేశారు, హిందీ సువర్ణసుందరి దాని తర్వాత. "కుహూ కుహూ బోలే కోయలియా" ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళింది. మాటలు భరత్ వ్యాస్, గొంతులు లతా, రఫీ. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్, నాలుగు రాగాల్లో. నా హ్యాండిల్ చూసి కూడా ఈ ప్రశ్న అడిగారంటే ధైర్యమే.

పాతపెట్టె
హెడ్డు స్క్రూ తిప్పాను. రెండు గీతలు తిరిగేసరికి తెర తీసినట్టయింది! మూడో పాట అయిపోయాక క్లిక్కు ముందు అనౌన్సరు గొంతు అర సెకను ఉంది, ఇంతకుముందు వినపడనే లేదు. వాల్యూమ్ బాగా పెంచి విన్నా. "...సీ రానీ" అంటోంది. రాణి ఎవరు, గాయని పేరా?

ముఖ్డా_మూర్తి
గాయని కాదు, సంగీత దర్శకుడు. బులో సి. రానీ. అనౌన్సర్లు సినిమా, గాయకులు, కవి, సంగీతం అని చెప్పుకుంటూ వెళ్తారు, చివరి ముక్క సంగీత దర్శకుడిది అవడం మామూలే. దీంతో వెతకాల్సిన చోటు పావు వంతుకి తగ్గింది. ఆ ఆడగొంతు గీతాదత్ అయ్యే అవకాశం ఉందా?

పాతపెట్టె
ఇప్పుడు స్పష్టంగా ఉంది, అవును, ఒకటో పాట గొంతే. "డగ్‌మగ్ డగ్‌మగ్ డోలే నైనా".

గీతాదత్_ఫ్యాన్
"జోగన్", 1950! నర్గిస్, దిలీప్ కుమార్. "ఘూంఘట్ కే పట్ ఖోల్", "మత్ జా మత్ జా జోగీ" ఉన్న సినిమానే. ఆ రెండూ అందరికీ తెలుసు, వాటి వెనక ఇది మరుగున పడిపోయింది.

దక్కనీ_భాయ్
పాతపెట్టె గారూ, మళ్ళీ అదే పని చేశారు. నైనా కాదు, నైయా. డగ్‌మగ్ అని ఊగేది పడవ. కళ్ళు కాదు.

పాతపెట్టె
నైయా! అలా కొట్టగానే మొదటి వరసలోనే వచ్చింది. మూడూ తేలాయి. ఇవన్నీ శుభ్రంగా ఎక్కించి నెట్‌లో పెట్టేయొచ్చా, అభ్యంతరం ఉంటుందా?

టెక్సాస్_తాత
తొందరపడకండి. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన 60 ఏళ్ళదాకా, అది 1957 డిస్కుకి అయిపోయింది. కానీ మాటల మీద, బాణీ మీద హక్కు రాసినవాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు. సాహిర్ 1980లో పోయారు, బర్మన్ 1975లో. అంటే "రుత్ ఫిరే" మాటలకి 2040 చివరిదాకా, బాణీకి 2035 చివరిదాకా ఉంది.

పాతపెట్టె
అయితే నా దగ్గరే ఉంచుకుంటా. అట్ట మీద మాత్రం ఇప్పుడే రాస్తున్నా: సినిమా, ఏడాది, గొంతు, సంగీతం, వైపు ఎ, ఎన్నో నిమిషం.

సూది_సుబ్బారావు
బాల్‌పెన్‌తో కాదు, పెన్సిల్‌తో రాయండి. హెడ్డు స్క్రూ మళ్ళీ పాత చోటికి తిప్పారా?

పాతపెట్టె
...ఒక్క నిమిషం.